ఊడ్వని వాకిళ్లు

టీచరమ్మ మా ఇంట్లో కిరాయికి దిగిన రోజు మా అమ్మ ఆవిడను అడిగిన మొదటి మాట, "ఇంటాయన ఏడున్నడు?" అని. ఆవిడ ట్రంకుపెట్టె అరుగు మీద దించి, చెంగుతో మొహం తుడుచుకుని, "లేరండి. పెళ్లి కాలేదు" అంది. "ఎందుకు గాలే?" అంది అమ్మ, ఏమాత్రం ఆగకుండా. "కుదరలేదండి" అంది ఆవిడ. అమ్మ ఇంకేమీ అడక్కుండా గది తాళం తీసి ఇచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు బావి దగ్గర ఈ సంగతి చెప్పి ఆడవాళ్లను నవ్వించేది. నవ్వు పెళ్లి గురించి కాదు. తనను ఎవరో అండీ అన్నారని.

అంతకుముందు మా అమ్మను అండీ అన్నవాళ్లు లేరు. మా నాన్న 'ఏమే' అనేవాడు, ఊళ్లోవాళ్లు వరస పెట్టి పిలిచేవాళ్లు. అమ్మ టీచరమ్మను నువ్వు అనే అనేది. మా వైపు అది అమర్యాద కాదు. కోస్తా జిల్లా నుంచి వచ్చిన ఆవిడకు ఆ సంగతి తెలియదు కాబట్టి, మొదట్లో 'నువ్వు' విన్నప్పుడల్లా మొహం కొంచెం బిగుసుకునేది. కొన్నాళ్లకు సర్దుకుంది. మా అమ్మ మాత్రం అండీకి ఎన్నడూ అలవాటు పడలేదు. విన్న ప్రతిసారీ కాస్త మురిసిపోయేది.

ఇది అరవైల చివరి మాట. మా ఊరు మాదాపూర్‌కూ కొండాపూర్‌కూ మధ్య ఉండేది. ఇప్పుడు ఎక్కడ అని అడిగితే ఏ ఆఫీసు వెనకో, ఏ హాస్టల్ పక్కనో చూపించాలి. నాకూ సరిగ్గా ఆనవాలు దొరకదు. అప్పుడు చుట్టూ బండలు, బండల మధ్య జొన్న చేలు, గుట్టల మీద సీతాఫలం చెట్లు. బస్సు లేదు. మగవాళ్లు తెల్లవారకముందే సైకిళ్లకు పాలక్యాన్లు కట్టుకుని పట్నం పోయి, పొద్దెక్కాక తిరిగొచ్చేవాళ్లు. మా నాన్న చేసిన పనీ అదే.

బడి ఒక్క గది. ఐదో తరగతి వరకే. టీచరమ్మకు ముందున్న పంతులు పట్నం నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, రావాలనిపించిన రోజు. ఆయన వస్తే బడి, రాకపోతే లేదు. ఆ గదిలో అడుగుపెట్టిన మొదటి ఆడ టీచరు ఈవిడే. ఊళ్లోనే కాపురం ఉండి పాఠం చెప్పిన మొదటి మనిషి కూడా ఈవిడే.

ఆవిడ పోయాక ఈ మధ్య జరిగిన సంస్మరణ సభలో వక్తలు ప్రేమమూర్తి అన్నారు, చదువుల తల్లి అన్నారు. వినలేకపోయాను. ఆవిడ తిట్టేది. బెత్తం పట్టేది కాదు గానీ, నోరు విప్పితే బెత్తమే నయమనిపించేది. పొద్దున్నే గొడుగు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, పొయ్యి దగ్గరున్న ఆడపిల్లను పొయ్యి దగ్గరినుంచి, గొడ్ల దగ్గరున్న పిల్లను గొడ్ల దగ్గరినుంచి లాక్కుపోయేది. ఎవరైనా తల్లి అడ్డొస్తే, "మీరు చదువుకోలేదు, సరే. దాన్నీ మీలాగే ఉంచేద్దామనా అండీ?" అనేది. అంత మాటకు కూడా చివర అండీ ఉండేసరికి కోపం తెచ్చుకోవాలో వద్దో మా ఊరి ఆడవాళ్లకు పాలుపోయేది కాదు.

మొదటి ఏడాది సీతాఫలాల కాలంలో బడి ఖాళీ అయింది. పిల్లలందరం తెల్లవారుజామునే గంపలతో గుట్టలెక్కేవాళ్లం, తల్లులు ఆ కాయలు నెత్తిన పెట్టుకుని పట్నం పోయేవాళ్లు. ఆవిడ చాలా రోజులు ఒక్కతే గదిలో కూర్చుని, సాయంత్రం తాళం వేసుకుని వచ్చింది. మరుసటి ఏడు ఆ కాలం రాగానే బడిని మధ్యాహ్నానికి మార్చి, గుట్ట కింది పెద్ద బండ మీద పెట్టింది. కాయలు దించి నేరుగా పాఠానికి కూర్చునేవాళ్లం. అలా మార్చడానికి ఆవిడకు అధికారం ఉందో లేదో నాకు తెలియదు. ఆవిడ ఎవర్నీ అడిగినట్టు లేదు.

బడి దారిలోనే కల్లు దుకాణం ఉండేది. ఆడపిల్లల్ని పంపకపోవడానికి అదొక సాకు, కొంత నిజమైన సాకే. దాన్ని అక్కడినుంచి తీయించమని సర్పంచ్‌కు ఎన్నిసార్లు చెప్పినా ఆయన తల ఊపేవాడు, అంతే. ఒకరోజు ఆవిడ బడి మొత్తాన్ని తీసుకెళ్లి దుకాణం ఎదురుగా చెట్ల నీడలో కూర్చోబెట్టింది. గొంతెత్తి ఎక్కాలు చదవమంది. లోపల ముంతలు పట్టుకున్నవాళ్లలో సగంమంది పిల్లలు మాలోనే ఉన్నారు. వారం తిరక్కుండా గిరాకీ పలచబడింది, దుకాణం వాగు అవతలికి పోయింది. మా చిన్నాన్న మాత్రం పన్నెండో ఎక్కం అక్కడే కూర్చుని పూర్తిగా నేర్చుకున్నానని జీవితాంతం చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆడవాళ్లు ఆవిడ చుట్టూ చేరడం మొదలైంది. కాన్పు కష్టమైతే ముందు ఆవిడకు కబురు వచ్చేది, ఎడ్లబండిలో పక్కన కూర్చుని దవాఖానకు ఆవిడే తీసుకెళ్లేది. మొగుడు కొడితే ఆవిడ దగ్గరికే, బావిలో నీళ్లు చెడితే ఆవిడ దగ్గరికే. శుక్రవారం సాయంత్రాలు మా అరుగు మీద పదిమంది పోగయ్యేవాళ్లు. సంఘం అనే మాట అప్పుడు ఎవరూ వాడలేదు. 'టీచరమ్మ దగ్గర కూసునుడు' అనేవాళ్లు.

ప్రత్యేక తెలంగాణ గొడవ జరిగిన ఏడాది, నెలల తరబడి బడులు మూతపడ్డాయి. పట్నం నుంచి కొందరు యువకులు జీపులో వచ్చి, ఈ ఊళ్లో ఆంధ్రా టీచరు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. సర్పంచ్ వాళ్లకు మజ్జిగ ఇప్పించి, "టీచరా? మాకు టీచర్లేడున్నరు బిడ్డా, బడే లేకపాయె" అన్నాడు. ఆవిడ ఆ సమయంలో మా ఇంట్లో చింతపండు గింజలు తీస్తోంది. జీపు పోయాక కూడా ఆ పని ఆపలేదు, ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. భయపడిందా అని నేను పెద్దయ్యాక అడిగితే, "భయపడకుండా ఎలా ఉంటామే" అంది.

ఇక అసలు సంగతి. నేను ఐదో తరగతికి వచ్చాను. ఆరు చదవాలంటే పట్నం దారిలో ఉన్న పెద్ద బడికి పోవాలి, బండల మధ్య నుంచి నడక. ఆడపిల్లను ఆ దారిన పంపే ఇల్లు మా ఊళ్లో లేదు. పైగా నన్ను పుట్టినప్పుడే మా మేనమామ కొడుక్కు అనుకున్నారు. మామ ఊరు కోకాపేట. ఐదు కాగానే నన్ను ఇంట్లో కూర్చోబెట్టడం, ఆ ఎండాకాలమే లగ్గం చేయడం, పెద్దమనిషినయ్యాక కోకాపేట పంపడం. ఇందులో ఎవరికీ ఏ తప్పూ కనిపించలేదు, నాకూ కనిపించలేదు. మా మామ మంచివాడు, వచ్చినప్పుడల్లా నాకు గాజులు తెచ్చేవాడు. అమ్మకు ఒక్కడే అన్న. మా అమ్మమ్మ ఆయన దగ్గరే ఉండేది.

టీచరమ్మ ఒక్కతే దీన్ని ఒప్పుకోలేదు. "ఊళ్లోనే ఆరూ ఏడూ పెట్టిస్తే అప్పుడు పంపుతారా అండీ?" అని అమ్మను అడిగింది. "ఊర్లనే ఉంటే ఎందుకు పంప? పెండ్లి గూడ జర ఆగుతది" అంది అమ్మ, అది జరిగే పని కాదన్న ధీమాతో. ఆవిడ ఆ మాటను పట్టుకుంది. పట్నంలోని ఆఫీసు చుట్టూ తిరిగి, గొడుగు బట్ట ఎండకు తెల్లబడేదాకా తిరిగి, చివరికి బడుల తనిఖీ అధికారిని మా ఊరు వచ్చేలా చేసింది. ఆయన చూడాల్సింది ఒక్కటే. ఐదో తరగతిలో ఆడపిల్లలు ఉన్నారా, పై తరగతికి వచ్చేలా ఉన్నారా అని. ఉంటే తరగతులు ఇస్తారు, లేకపోతే లేదు.

ముందురోజు ఆవిడ ఇల్లిల్లూ తిరిగి, రేపు ఆడపిల్లలందరూ బడిలో ఉండాలని చెప్పింది. అందరూ సరేనన్నారు. అబద్ధం కాదు, నిజంగానే అన్నారు. కానీ అదే సాయంత్రం సర్పంచ్ డప్పు కొట్టించాడు. "రేపు డిప్టీ సాబ్ వస్తుండహో! వాకిలి వాకిలికి అలుకు ఉండాలె, ముగ్గు ఉండాలె, ఊరి ఇజ్జత్ నిలవాలె!" అని. అధికారి జీపులో ఊళ్లోకి రావడం అదే మొదటిసారి. అలుకు చల్లేది ఎవరు? ముగ్గు పెట్టేది ఎవరు? గడపలకు ఎర్రమట్టి జాజు పూసేది, గోడలకు సున్నం వేసేది, పిండి విసిరేది ఎవరు? ఆడపిల్లలే.

నేను ఆ పొద్దున పేడ తట్ట మోశాను. "టీచరమ్మ రమ్మంది" అని గుర్తుచేస్తే, అమ్మ ముగ్గు మీదినుంచి తల ఎత్తకుండా, "పని జల్ది అయిపోగొట్టి పోదువు తియ్యి. సాబ్ మన వాకిలి ముంగటికెంచే పోతడు" అంది. సాబ్ అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. డప్పులతో, పూలదండలతో ఊరంతా తిప్పారు. మా వాకిలి ముందు నిజంగానే ఆగి, ముగ్గు బాగుందన్నాడు. నేను మోచేతుల దాకా పేడతో తలుపు వెనకాల నిలబడి ఉన్నాను.

బడిలో మగపిల్లలున్నారు, టీచరమ్మ ఉంది, తల్లి లేని ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఆయన గదంతా చూసి, "ఆడపిల్లలేరమ్మా?" అన్నాడు. ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలియదు. ఏం చెప్పినా ఉపయోగం ఉండేది కాదు. సర్పంచ్ ఇంట్లో కోడికూర, జొన్నరొట్టెలు తిని, ఇంత శుభ్రమైన ఊరు తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, తరగతులు ఇవ్వడం కుదరదని చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆవిడ ఇంటికి వచ్చేసరికి అమ్మ ఆనందంగా ఎదురెళ్లింది. "సాబ్ ఏమన్నడో ఇన్నవా? మన ముగ్గు సూసి ఆగిండు!" అంది. ఆవిడ వాకిట్లో నిలబడి ముగ్గును కాసేపు చూసింది. "చాలా బాగుందండి. పిల్లలంతా ఇళ్లలో ఉండబట్టే ఇంత బాగుంది. ఇంక ఎప్పుడూ ఇళ్లలోనే ఉంటారు, రోజూ ఇలాగే పెట్టించుకోండి" అంది. గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

అమ్మకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక చేతిలో ఉన్న చేట కింద పెట్టి అరుగు మీద చాలాసేపు కూర్చుంది. నన్ను కసిరింది, కోడిని కసిరింది, ఇంటికి వచ్చిన నాన్నకు అన్నం కూడా సరిగ్గా పెట్టలేదు. మర్నాడు పొద్దున ఆవిడ తలుపు తీయగానే ఎదురుగా నిలబడి, "మల్ల పిలుస్తవా సాబ్‌ను?" అని అడిగింది. "పిలిస్తే వస్తాడా అండీ?" అంది ఆవిడ విసుగ్గా. "నువ్వు పిలువు. ఇంకోపారి వస్తే మేం జూస్కుంటం" అంది అమ్మ.

ఆవిడ మళ్లీ ఆఫీసు చుట్టూ తిరిగింది. చలికాలం అయిపోయి ఎండలు ముదిరే వేళకు ఆయన ఒప్పుకున్నాడు. ఈసారి ఆవిడ పిల్లల్ని పంపమని మాత్రమే చెప్పింది. మిగతాది మా ఆడవాళ్ల తెలివి. బావి దగ్గర చేరి, అమ్మ నాయకత్వంలో ఒక కట్టు పెట్టుకున్నారు. ఆ రోజు ఊళ్లో ఒక్క చీపురు కదలకూడదు, అలుకు చల్లకూడదు, ముగ్గు గీయకూడదు. వంట ఉంటే మళ్లీ పిల్లను కూర్చోబెడతారు కాబట్టి, పొయ్యి కూడా వెలిగించకూడదు. రాత్రి వండిన జొన్న గట్కే పొద్దున తినాలి. ఎవరైనా ఊడ్చినట్టు కనబడితే మిగిలినవాళ్లు వాళ్లతో మాట్లాడకూడదు. మా ఊరివాళ్లు ఏ పనీ ఒక పట్టాన మొదలుపెట్టరు, మొదలుపెడితే సగంలో ఆపరు.

ఆ రోజు పొద్దు పొడవకముందే తల్లులు తలలు దువ్వి, ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని బడికి వచ్చారు. పిల్లలం లోపల, తల్లులు గోడ పొడుగునా. టీచరమ్మ ఈ జనాన్ని చూసి అందరి పేర్లూ రెండుసార్లు పిలిచింది. సర్పంచ్ ఒక్కడే ఖాళీ వీధుల్లో అటూ ఇటూ పరేషాన్‌గా తిరుగుతున్నాడు.

జీపు శబ్దం వినిపించింది. దగ్గరికి వచ్చింది. ఆగింది. తర్వాత వెనక్కి తిరిగిన శబ్దం వచ్చింది.

మా వైపు ఊడ్వని వాకిలి, రాజని పొయ్యి ఉన్నాయంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఊరంతా అలాగే ఉంటే ఇక చెప్పేదేముంది. జీపు డ్రైవర్ ఈ ప్రాంతం వాడే. ఊరి మొదట్లోనే బండి ఆపి, "సార్, ఊర్ల ఎవరో పెద్దమనిషి పోయినట్టున్నడు. గిప్పుడు మనం పోతే బాగుండది" అన్నాడట. సాబ్ ఇంట్లో కూతురి పెళ్లి పనులు నడుస్తున్నాయట. తిప్పెయ్యమన్నాడు.

టీచరమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. ఆవిడకు ఏం జరిగిందో తెలియలేదు, మా ఆచారం ఆవిడకు తట్టలేదు. అమ్మకు తట్టింది. "అయ్యో, సచ్చిపోయినమనుకున్నడు!" అని ఒక్క కేక వేసి పరుగెత్తింది. బండి దారి బండల చుట్టూ తిరిగి పోతుంది, అమ్మ బండల మీదినుంచి అడ్డంగా దిగింది. నేను వెనకాలే పరుగెత్తాను. ముళ్లకంపకు అమ్మ చీర చిరిగింది, చూసుకోలేదు. జీపు మలుపు తిరిగేసరికి అమ్మ దారి మధ్యలో ఉంది, చేతులు రెండూ అడ్డం పెట్టి, ఊపిరి అందక వంగిపోయి.

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు ఆయన జీపులోంచే.

"ఎవ్వలు పోలే సార్. అందరం బడిల ఉన్నం. రా, సూద్దువు."

ఆయన వచ్చాడు. గదిని చూశాడు, గోడ పొడుగునా ఉన్న తల్లుల్ని చూశాడు. ఆడపిల్లల్ని లేపి చదివించాడు, లెక్కలు అడిగాడు. ఒప్పజెప్పగలిగినవాళ్లం చెప్పాం, మిగిలినవాళ్లు టీచరమ్మ మొహం చూశారు. ఆయన మొహంలో మెచ్చుకోలు కనబడింది గానీ అంతలోనే పోయింది.

"ఇవన్నీ బాగున్నాయమ్మా. కానీ నేను ఆరో తరగతి ఇస్తాను, మీరు ఈ ఎండాకాలమే వీళ్లకు పెళ్లిళ్లు చేస్తారు. నాకు మిగిలేది ఖాళీ గది. ఇలాంటివి చాలా చూశాను. ఏడో తరగతి అయ్యేదాకా నా బిడ్డ బడిలో ఉంటుందని మీలో ఎవరు చెప్పగలరు? టీచరమ్మ కాదు, తల్లులు చెప్పాలి" అన్నాడు.

తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరు చిన్నది. ఎవరి పిల్లను ఎవరికి అనుకున్నారో అందరికీ తెలుసు. అక్కడ అన్న మాట సాయంత్రానికి చుట్టుపక్కల ఊళ్లకు చేరుతుంది. టీచరమ్మ మా అమ్మ వైపు చూడలేదు, అది నాకు బాగా గుర్తుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

"నా బిడ్డ ఉంటది" అంది అమ్మ.

"సంబంధం ఏమైనా అనుకున్నారా?"

పక్కనున్న ఆమె "కోకాపేట" అని గొణిగింది. "అనుకున్నం. ఏడు అయినంక జూస్తం" అంది అమ్మ.

"వాళ్లు ఆగకపోతే?"

"ఆగకుంటే లేదు" అంది అమ్మ.

ఆ తర్వాత ఇంకొకామె చెప్పింది, ఆమె పక్కనామె చెప్పింది. ఆయన తరగతులు ఇచ్చాడు.

సభలో ఈ కథ చెప్పినప్పుడు జీపుకు అడ్డం నిలబడింది టీచరమ్మ అని చెప్పారు. చప్పట్లు కొట్టారు. టీచరమ్మ చేసినవి చాలా ఉన్నాయి. ఇక్కడినుంచి బదిలీ అయ్యాక కూడా ఎన్నో ఊళ్లలో బడులు నిలబెట్టింది, హెడ్మిస్ట్రెస్ అయింది, ఆడవాళ్ల సంఘాలకు పెద్దదిక్కు అయింది. ఆవిడకు లేని గొప్ప అంటగట్టాల్సిన అవసరం లేదు. నాకు కోపం వచ్చింది. ఆవిడ బతికుంటే ఆవిడకూ వచ్చేది.

మామ మర్నాడే వచ్చాడు. లోపలికి రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు. "రెండేండ్లు ఆగుమంటే ఆగకపోదునా చెల్లె? నాకో మాట చెప్పకుండ, ఊరందరి ముంగట, ఆ సర్కారోనితోని 'ఆగకుంటే లేదు' అంటివి. నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. అందులో న్యాయం ఉంది. అమ్మకూ తెలుసు. "తప్పైంది అన్నా. అప్పటికప్పుడు అడిగిండు" అంది. "ఇగ నా గడప తొక్కకు" అని ఆయన వెళ్లిపోయాడు. నాన్న మధ్యవర్తిగా ఒకసారి పోయి, ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. ఆ ఎండాకాలమే మా బావకు వేరే పిల్లతో లగ్గం అయింది. మమ్మల్ని పిలవలేదు.

టీచరమ్మ గొడుగు వేసుకుని కోకాపేట నడిచి వెళ్లింది. ఎవరూ పంపలేదు, తనంతట తనే. అక్కడ మామ ఆవిడకు పీట వేసి, చల్ల ఇచ్చి, "మీరు నలుగురికి సదువు చెప్పెటోళ్లు, మిమ్ములను నేనేమన. ఇది మా అన్నచెల్లెండ్ల ముచ్చట" అన్నాడట. ఎన్ని వాదనలు పెట్టినా ఆ మాట మీదే ఉన్నాడట. చీకటిపడే వేళకు తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, "చాలా మర్యాదగా మాట్లాడారండి" అంది అమ్మతో. అమ్మ, "మా అన్న అట్లనే మాట్లాడుతడు" అని లోపలికి పోయింది.

ఆ ఏడు బతుకమ్మకు అమ్మ తల దువ్వుకుని, చీర మూట కట్టుకుని కూర్చుంది. పండక్కి అన్న వచ్చి చెల్లెల్ని పుట్టింటికి తీసుకుపోవాలి. ఆయన రాలేదు. పొద్దు వాలాక టీచరమ్మ వచ్చి, బడి ముందర ఆడవాళ్లంతా ఆడుతున్నారు, రండి అంది. అమ్మ వెళ్లింది. అందరితో పాటు చప్పట్లు కొట్టి, పాడి, ఇంటికి వచ్చి ఆ మూట విప్పి చీర దండెం మీద వేసింది.

నేను ఆరు చదివాను. ఏడులోకి వచ్చాను. ఆరోకీ ఏడోకీ కొత్త పంతులు వచ్చాడు, టీచరమ్మ కింది తరగతులకే చెప్పేది గానీ నన్ను మాత్రం వదిలేది కాదు. ఇంట్లో సాయంత్రాలు తప్పులు దిద్దేది, తిట్టేది. నాకు చదువు మీద ఇష్టం అప్పుడే పుట్టింది. అంతవరకూ ఉన్నది భయమే.

ఏడో తరగతిలో ఉండగా ఒక పొద్దున నాన్న పట్నం నుంచి తిరిగొచ్చి సైకిల్ గోడకు ఆనించాడు గానీ క్యాన్లు విప్పలేదు. నేను పుస్తకాలు సంచిలో పెట్టుకుంటున్నాను. టీచరమ్మ గొడుగు తీసుకుని గుమ్మం దిగుతోంది. నాన్న అమ్మ దగ్గరికి పోయి, నెమ్మదిగా, కోకాపేట పాలాయన కలిశాడని చెప్పాడు.

"మీ అమ్మ పోయిందట."

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది. "ఎన్నడు?" అంది.

"మూడొద్దులాయె."

మా వైపు ఎంత పగ ఉన్నా చావు కబురు ఆపరు. పెళ్లికి పిలవకపోవచ్చు, పండక్కి రాకపోవచ్చు. చావుకు మాత్రం ఎవరినైనా పంపి చెప్పిస్తారు. మామ చెప్పించలేదు. నాన్న, "పోదామా?" అన్నాడు. అమ్మ, "మట్టి గూడ అయిపాయె. ఇప్పుడు పోయి ఎవల మొకం జూడాలె" అంది.

టీచరమ్మ గొడుగు పక్కన పెట్టి అమ్మ పక్కన అరుగు మీద కూర్చుంది. "నా వల్లే కదండీ" అంది.

"నువ్వేం జేసినవు. అన్నది నేను" అంది అమ్మ. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. అప్పుడు నన్ను చూసింది. నేను సంచి కింద పెట్టేశాను. ఇవాళ బడికి పోను అన్నాను.

అమ్మ నామీద అంతగా కోపం తెచ్చుకోవడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. "మా అమ్మ ఆకరి సూపు గూడ దక్కకపాయె నాకు. నువ్వు ఇంట్ల కూసుంటవా? ఇంట్ల కూసునేటందుకా ఇదంత? లే. పో బడికి" అంది.

టీచరమ్మ లేచి సంచి నా భుజానికి వేసింది. పిల్లల చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి కాదు ఆవిడ. ఆ రోజు నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం వాకిలి దాటి, వీధి చివర మలుపు తిరిగాం. అప్పుడు వెనక నుంచి అమ్మ ఏడుపు వినిపించింది. అంతవరకూ ఆపుకుని, మేం కనుమరుగయ్యాకే గొంతు విప్పింది. నేను వెనక్కి తిరగబోయాను. టీచరమ్మ ఆగలేదు, నన్ను ఆగనివ్వలేదు. చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని బడి దాకా నడిపించింది.